అట్ట లేని ప్రతి

ఆవిడ అసలు పేరు ఆ కాలేజీలో ఎవరూ వాడరు. కామా మేడమ్ అంటారు. ఎవరి కాగితం చేతికొచ్చినా ముందు కామాలు వెతికి, లేనిచోట పెట్టి, అక్కర్లేనిచోట కొట్టేసే అలవాటు చూసి ఎప్పుడో ఏ కొంటె పిల్లో అంటించిన పేరది. ఆ పిల్లలు వెళ్ళిపోయారు, వాళ్ళ తర్వాతవాళ్ళూ వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఆవిడకంటే ముందే పర్మనెంటైంది. ఎదురుగా ఎవరూ అనరు. ఆవిడకి తెలుసన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ఫోనొచ్చింది. ఒక రీసెర్చి అమ్మాయి వైవాకి రావాల్సిన పెద్దాయన మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడట. రిపోర్టులన్నీ ఎప్పుడో వచ్చేశాయి, తేదీ ప్రకటించేశారు, వారం చివర్లో ఆయన బదులు వచ్చి కూర్చుంటే చాలన్నాడు గుమాస్తా.

"థీసిస్ చదవకపోయినా ఇబ్బందేం లేదు మేడమ్. నాలుగు ప్రశ్నలడిగి ఊరికే సంతకం పెట్టడమే."

"ఊరికే పెట్టే సంతకం నాకు చేతకాదు బాబూ. పుస్తకం పంపించు," అంది.

పంపించారు. నీలం అట్ట, బంగారు అక్షరాలు. రైల్వే స్టేషన్లలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారు, ఆ మాటలు ఎలా మొదలవుతాయి అన్నది విషయం. అది చూసి ఆవిడకి కొంచెం ఉత్సాహం వచ్చింది. తన థీసిస్ కూడా దాదాపు అలాంటిదే. అందులో ఆసుపత్రులు, ఇందులో స్టేషన్లు, అంతే తేడా.

ఇంటికొచ్చి, పొద్దుటి అన్నంలోకి ఒక గుడ్డు వేయించుకుని తిని, కంచం కడిగి బోర్లించి, బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల ఆవిడ ఒక్కర్తే వాడుకునేది గనక సగం పుస్తకాలకీ సగం కంచానికీ పంచేసింది. ఎప్పుడూ ఎడమచెవి వెనక ఉండే ఎర్రపెన్ను తీసి మూత విప్పింది. మొదటి రెండు అధ్యాయాలు అందరి థీసిసుల్లో ఉండేవే. కామాలు సరిచేస్తూ పోయింది. మూడో అధ్యాయం మొదటి వరస దగ్గరే పెన్ను ఆగింది.

'ఎదురుచూసే మనిషి ముందు గోడతో మాట్లాడతాడు. గోడ పలకదు గనక అప్పుడు పక్కవాడి వైపు తిరుగుతాడు.'

ఆ వాక్యం తనది. ఇలాంటి వాక్యమే ఇంకెవరికైనా తట్టిందేమో అనుకోవడానికి లేదు. తన గైడు దాన్ని రెండుసార్లు కొట్టేశాడు, ఇది కవిత్వమమ్మా, పరిశోధన కాదు అని. రెండుసార్లూ ఆవిడ మళ్ళీ రాసింది. మూడోసారి ఆయన విసుగెత్తి వదిలేశాడు. ఆవిడ గెలిచిన పోట్లాటలు చాలా తక్కువ, అందుకని ఇది బాగా గుర్తు.

పేజీ మీద అరచెయ్యి అడ్డంపెట్టి తర్వాతి వాక్యం పైకి చెప్పింది. చెయ్యి తీసి చూసింది. అదే ఉంది. ఆ తర్వాతదీ చెప్పింది. అదీ ఉంది. పాత ఇంట్లో చీకట్లో నడుస్తున్నట్టు, గడప ఎక్కడొస్తుందో కాలికి ముందే తెలిసినట్టు, ఆ అధ్యాయం చివరిదాకా వెళ్ళిపోయింది.

ఇప్పుడు కోపం రావాలి కదా అనుకుంది. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా. రాలేదు. మంచినీళ్ళు తాగడానికి లేచి, గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడిపోయి, తను నవ్వుతున్నట్టు తెలుసుకుంది.

ఆ థీసిస్‌ని ఎవరూ చదవలేదు. తన వైవాలో ఒక పరీక్షకుడు కునుకు తీశాడు, రెండో ఆయన పెళ్ళెప్పుడమ్మా అని అడిగాడు. ఒక కాపీ లైబ్రరీకి పోయింది. అచ్చువేద్దామని అడిగినవాళ్ళు లేరు, అచ్చువెయ్యండని ఆవిడా అడగలేదు. అలాంటిది ఇన్నేళ్ళకి ఎక్కడో ఒక పిల్ల దాన్ని వెతికి పట్టుకుని, అక్షరం అక్షరం చదివి, ఇది బావుంది, ఇది నాక్కావాలి అనుకుంది.

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది.

"అక్కా, నువ్వు నవ్వుతున్నావా? ఇంట్లో దొంగలుపడ్డారని చెబుతూ నవ్వే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను."

"దొంగలు పడాలన్నా లోపల ఏదో ఉందని ఒకళ్ళకి అనిపించాలి కదే."

"నీ మొహం. రేపే వాళ్ళ పెద్దవాళ్ళకి రాసి పడెయ్. ఆ పిల్లకి డిగ్రీ కాదు, శ్రీముఖం ఇప్పించాలి." అవతల ఎవరో పిలుస్తున్నారు, కుక్కర్ కూస్తోంది. "ఉండు, మళ్ళీ చేస్తాను."

మళ్ళీ చెయ్యలేదు. చెయ్యదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఫోను పక్కన పెట్టి, వైవాలో ఏం చెయ్యాలో ఆలోచించుకుంది. ఆ పిల్లని పక్కకి పిలిచి, మెల్లగా చెప్పాలి. తీసుకోవడం తప్పు కాదమ్మా, ఎవరి దగ్గర తీసుకున్నావో చెప్పకపోవడం తప్పు అని. ఆ పిల్ల ఏడుస్తుంది. ఏడ్చాక, మీ పుస్తకం నాకు చాలా నచ్చింది మేడమ్ అంటుంది. ఇంత దూరం ఊహించుకున్నందుకు ఆవిడకే సిగ్గేసి లైటార్పింది.

మర్నాడు సెలవు. కాఫీ కలుపుకుని, ఈసారి అధ్యాయాన్ని ఒక పరీక్షకురాలిలా చదవాలని, వరస కింద స్కేలు పెట్టుకుని మొదలుపెట్టింది. నాలుగో వరసలోనే స్కేలు ఆగింది.

'రైల్వే స్టేషన్లో నర్సు పేరు పిలవగానే ప్రయాణికులందరూ ఒక్కసారి తలెత్తుతారు.'

ఇంకోసారి చదివింది. నర్సే. కింద ఇంకా ఉన్నాయి. 'తగ్గని దగ్గు ఉన్న ప్రయాణికులు కిటికీ పక్క బెంచీ ఎంచుకుంటారు.' 'డాక్టరు వస్తున్న అలికిడి కాగానే ప్రయాణికుడి బంధువులు చెప్పులు సర్దుకుంటారు.' ఒకచోట రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఒక ప్రయాణికుడు స్టేషనంతా తిరుగుతున్నాడు, పాపం, ఎక్కడ చూపించాలో తెలియక.

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆసుపత్రి అని ఉన్నచోటల్లా స్టేషన్ అనీ, రోగి అని ఉన్నచోటల్లా ప్రయాణికుడు అనీ కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి మార్చేశారు. నిన్న ఇది కనిపించకపోవడానికి కారణం కూడా తట్టింది. నిన్న కళ్ళు కాగితం మీద ఉన్నాయి గానీ, తను చదివింది జ్ఞాపకాన్ని.

నవ్వు ఆగింది. కళ్ళజోడు చేతిలోనే ఉండిపోయింది. చదివినవాళ్ళెవరూ నర్సుని తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టరు. ఈ అధ్యాయాన్ని టైపు చేసినవాడు చదవలేదు. సమర్పించిన పిల్ల చదవలేదు. కింద సంతకం పెట్టిన గైడు చదవలేదు. బాగుందని రిపోర్టులిచ్చిన పెద్దమనుషులూ చదవలేదు. నకలు ఏమీ లేదని కంప్యూటరిచ్చిన సర్టిఫికెట్ వెనకాల కుట్టి ఉంది. దాని తప్పేముంది, టైపు మిషన్ మీద కొట్టిన పాత పుస్తకం దాని కళ్ళపడే దారేది.

తనని ఎవరూ చదవలేదన్న సంగతి పాతదే. రాత్రంతా చదివారనుకుని, పొద్దున్నే లేదని తెలియడం కొత్త. కాఫీ చల్లారి మీగడ కట్టింది. పుస్తకం మూసేద్దామనుకుని, మొదలెట్టినదాన్ని మధ్యలో వదిలే అలవాటు లేక నాలుగో అధ్యాయం తిప్పింది.

అక్కడ గొంతు మారిపోయింది. స్టేషన్లో రికార్డు చేసిన మాటలు, విన్నవి విన్నట్టు దించి ఉన్నాయి.

'ఈ బండి ఎప్పుడూ ఇంతేనండీ.'

'ఇంతే అయితే బావుణ్ణు. నిన్న ఇంతకంటే ఎక్కువ.'

'అంటే నిన్న కూడా వచ్చారా?'

'నిన్న ఎక్కించడానికొచ్చాను. ఇవాళ దించుకోవడానికి. ఒక్కరోజు కూడా ఉండలేకపోయింది మా అమ్మాయి అక్కడ.'

ఆ తర్వాత ఆ ఇద్దరూ ఎంతసేపు ఊరుకున్నారో బ్రాకెట్లో రాసుకుంది ఆ పిల్ల. వాక్యాలు వంకరటింకరగా ఉన్నాయి, వ్యాఖ్యానం చాలాచోట్ల తడబడింది, కానీ ప్రతి పేజీలో ఎవరో ఒకరు బతికున్నారు. ఆవిడ చివరిదాకా చదివేసింది. ఎర్రపెన్ను చెవి వెనకే ఉంది.

వైవా రోజున కారు పంపించారు. గైడుగారే మెట్లు దిగి ఎదురొచ్చాడు. నిండుగా, నవ్వుముఖంతో ఉండే మనిషి, మాటకి ముందూ వెనకా మేడమ్ తగిలిస్తాడు. గదిలో టీ, బిస్కెట్లు, పళ్ళముక్కల పళ్ళెం సిద్ధంగా ఉన్నాయి. పక్క హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"హాల్లోకి వెళ్ళేముందు అమ్మాయితో ఒకసారి మాట్లాడాలి," అందావిడ.

పిలిపించాడు. ముప్ఫై దాటని మనిషి, ఇస్త్రీ బట్టలు, చేతిలో మడిచి మడిచి మెత్తబడిన చీటీ. రాబోయే ప్రశ్నలకి జవాబులు రాసుకున్నట్టుంది. ఏదో స్కూల్లో టెంపరరీగా పాఠాలు చెబుతోందనీ, ఈ డిగ్రీ వస్తే ఆ ఉద్యోగం ఖాయమవుతుందనీ గైడుగారు ముందే చెవిన వేశాడు.

ఆవిడ మూడో అధ్యాయం తెరిచి ఆ పిల్ల వైపు తిప్పింది. "ఈ నర్సు స్టేషన్లో ఏం చేస్తోందమ్మా?"

ఆ పిల్ల వంగి చదివింది. చెవుల దాకా ఎర్రబడిపోయింది. గైడుగారి వైపు చూసింది.

"టైపింగ్ పొరపాటు మేడమ్," అన్నాడాయన. "ఈ డీటీపీవాళ్ళున్నారే..."

"డీటీపీవాళ్ళు అధ్యాయాలు రాయరు కదండీ. ఇది ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆయన కుర్చీ దగ్గరకి జరిపి గొంతు తగ్గించాడు. "మీ దగ్గర దాపరికమెందుకు మేడమ్. బీరువా వెనక పాత కట్ట ఒకటి పడి ఉంది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు లేవు. ఎవరిదో ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. ఈ అమ్మాయిది పాపం మామూలు ఇంటి భాష, థీసిస్‌కి ఆనదు. ముందర ఒక బరువైన అధ్యాయం ఉంటే బావుంటుందని నేనే ఇచ్చాను. ఎవరిదో తెలిస్తే పేరు పెట్టేవాళ్ళమే మేడమ్."

"నాది," అందావిడ.

హాల్లో మైకు కీచుమంది. ఎవరో హలో హలో అంటున్నారు.

"అయ్యో," అన్నాడు గైడుగారు. తర్వాత తేరుకున్నాడు. "మరీ మంచిది కదా మేడమ్! మీ విద్య మీ కూతురులాంటి పిల్లకి అందిందనుకోండి. హాల్లో జనం కూర్చున్నారు. ఇప్పుడు దీన్ని పెద్దది చేస్తే నష్టపోయేది ఈ అమ్మాయే. నాదేముంది, వచ్చే ఏడు రిటైరైపోతాను."

ఆ మాట నిజమేనని ఆవిడకి తెలుసు. గైడు చేసిన పనికి శిక్ష పడేది పిల్లకే. ఆవిడ ఆయన్ని వదిలేసి ఆ పిల్లనే చూసింది.

"నువ్వు చదివావా దీన్ని? ఇంటికి తీసుకెళ్ళాక, ఒక్కసారైనా?"

"లేదు మేడమ్." చీటీని ఇంకా చిన్నగా మడిచింది. "ఒక్క పేజీ చదివాను. అది చదివాక, నేను రాసినవన్నీ చింపెయ్యాలనిపించింది. అందుకని మూసేశాను. తర్వాత తెరవలేదు."

అబద్ధం చెప్పి ఉంటే పని సులువయ్యేది. ఆవిడ పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"నాలుగో అధ్యాయం నువ్వే రాశావా?"

"నేనే మేడమ్. సార్ తీసెయ్యమన్నారు. పేజీలు తక్కువవుతాయని ఉంచాం."

ఆవిడ రిపోర్టు కాగితం అడిగి తీసుకుని, ఆ గదిలోనే కూర్చుని రాసింది. మూడో అధ్యాయం అభ్యర్థి రాసినది కాదనీ, దాన్ని అందించింది పర్యవేక్షకుడేననీ, ఇవాళ వైవా జరపడానికి వీల్లేదనీ రాసింది. ఆ అధ్యాయం తీసి మళ్ళీ రాయాలి, మిగతాది అభ్యర్థి సొంత పరిశ్రమ, విలువైనది, మళ్ళీ సమర్పించడానికి గడువివ్వాలి అని రాసి, సంతకం పెట్టి, ఆరేదాకా ఊదింది. గైడుగారు నిలబడే చదివాడు. ఈసారి మేడమ్ అనలేదు. కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కుర్చీలు మళ్ళీ కదిలిన చప్పుడు, మాటలు. "అందుకే ఆవిడ ఎవరితోనూ ఇమడదు," అని ఒక గొంతు, తలుపు తెరిచి ఉందని తెలియక, లేదా తెలిసే, అంది. ప్యూన్ వచ్చి, ఎవరూ ముట్టని పళ్ళముక్కలు తీసుకెళ్ళాడు.

ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ ఏడవలేదు.

"ఇంకెవరిదైనా అయితే, అది ఎవరిదో మీకు తెలిసేది కాదు కదా మేడమ్," అంది.

"తెలిసేది కాదు."

"మరి నేను ఎలా రాయాలి? చదివితే మీ మాటలే వస్తాయి. చదవకపోతే ఏమీ రాదు."

"ఆ కట్ట నీ దగ్గరే ఉందా? ఈసారి మొత్తం చదువు. చదివి మూసెయ్. మూశాక ఎవరికైనా చెప్పు, మీ అమ్మకి చెప్పు, గోడకి చెప్పు. అలా చెప్పినప్పుడు నీ నోట ఎలా వస్తే అలా రాయి. సంగతి నాదైతే నాదని కింద రాసెయ్. ఒక మాట నేనన్నట్టే పెట్టాలనిపిస్తే గుర్తులు పెట్టి నా మాటగానే పెట్టు. చదివేవాడికి తెలియాలి, ఎక్కడిదాకా నేను మాట్లాడానో, ఎక్కణ్ణించి నువ్వు మాట్లాడుతున్నావో. అంతే విద్య. పేరు చెప్పి తెచ్చుకుంటే బదులంటారు, చెప్పకపోతే ఇంకోటంటారు."

ఆ పిల్ల తలూపింది. అర్థమై ఊపిందో, పెద్దవాళ్ళు చెబుతున్నారని ఊపిందో తెలియలేదు. వచ్చేటప్పుడు కారు పంపినవాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దాకా కూడా రాలేదు. ఆవిడ బస్సులో నిలబడే ఇంటికొచ్చింది. దారిపొడుగునా, ఉద్యోగం పోతే ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టినదాన్ని నేనే కదా అని ఒకటే నస. చెల్లెలికి చెబుదామని ఫోను తీసి, మళ్ళీ సంచిలో వేసేసింది.

తర్వాత ఆదివారం ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలుపు చప్పుడైంది. ఆదివారం ఆ తలుపు కొట్టేవాళ్ళు లేరు. గ్యాసువాడేమో అనుకుని తీస్తే, ఆ పిల్ల. చంకలో పాత కట్ట, అటూ ఇటూ కొత్త అట్టముక్కలు పెట్టి దారంతో కట్టి ఉంది.

"ఫోన్ చేస్తే రావద్దంటారేమోనని చెయ్యలేదు మేడమ్."

బల్ల మీద పేపర్లు జరిపి చోటు చేసింది ఆవిడ. టీ పెట్టింది. ఇంట్లో ఒకేలాంటి కప్పులు రెండు లేవు. ఆ పిల్ల కట్టని ఒళ్ళో పెట్టుకుని, పైన రెండు చేతులూ వేసి మూసి, చెప్పడం మొదలుపెట్టింది. మొదట గుమ్మంలో చెప్పులు విడవని మనిషిలా బెరుకుబెరుగ్గా, తర్వాత్తర్వాత చేతులు తిప్పుతూ. ఆవిడ వింది. తను పేజీలు ఖర్చుపెట్టిన సంగతిని ఆ పిల్ల ఒక్క మాటలో దాటేసింది. తను ఊరికే అన్న చిన్నమాట దగ్గర ఆగి, ఇది భలే ఉంది మేడమ్, ఇది మా స్టేషన్లో కూడా ఇంతే, అని ఉదాహరణ చెప్పింది. అలా వింటుంటే, అది తను రాసిందేనా అని ఆవిడకి అనుమానం వచ్చింది. వంటింట్లో కప్పులు కడగాలని లేచి, లేచినదల్లా మళ్ళీ కూర్చుండిపోయింది.

ఆ పిల్ల చివరికొచ్చి తటపటాయించింది.

"ఒక్కటి అడగనా మేడమ్? ఏమీ అనుకోకండి. ఆఖర్న మీరు, ఒంటరిగా వచ్చినవాళ్ళు అందరికంటే తక్కువ మాట్లాడతారని రాశారు. నా రికార్డింగుల్లో అలా లేదు."

"ఎలా ఉంది?"

"వాళ్ళే ఎక్కువ మాట్లాడతారు. వాళ్ళంతట వాళ్ళు మొదలుపెట్టరు, అంతే. ఒకసారి మొదలైతే బండొచ్చినా ఆపరు."

"నువ్వు పక్కన ఉండటంవల్ల మాట్లాడి ఉంటారు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది పద్ధతి కాదు," అందావిడ. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆ పిల్ల కొంచెం వెనక్కి తగ్గింది గానీ ఊరుకోలేదు. "మీరు ఎక్కడ కూర్చునేవాళ్ళు మేడమ్ అప్పుడు?"

"మూల, స్తంభం పక్కన. నేనున్నట్టు తెలిస్తే మాటలు మారిపోతాయని."

"అందుకే అయ్యుంటుంది మేడమ్. అంత దూరాన్నించి చూస్తే వాళ్ళు ఊరికే కూర్చున్నట్టే ఉంటారు." సంచిలోంచి ఫోన్ తీసి, వెతికి, బల్ల మీద పెట్టింది.

ముందు స్టేషన్ హోరు. ఎవరో ముసలాయన దగ్గు. గొడుగు తెచ్చారా, వానొచ్చేలా ఉంది, అని ఆ పిల్ల గొంతు. తేలేదమ్మా, అని ఆయన. అంతే అంటాడనుకుంది ఆవిడ. కానీ ఆయన ఆగలేదు. గొడుగు ఎవరికిచ్చాడో, వాళ్ళు తిరిగివ్వకపోతే అడగడానికి మొహమాటమెందుకో, తన భార్య ఉన్న రోజుల్లో అలాంటివన్నీ ఆవిడే అడిగి తెచ్చేదనీ, వరద గేట్లెత్తినట్టు చెప్పుకుపోయాడు. వెనకాల ఏదో బండి వచ్చింది, వెళ్ళింది. అది మీ బండి కాదా అండీ అని ఆ పిల్ల అడగడం, ఇంకోటుందిలేమ్మా అని ఆయన అనడం వినిపించాయి.

ఆవిడ ఫోనుకేసే చూస్తూ కూర్చుంది. ఆ మూల కూర్చున్న రోజులన్నింటిలో, ఎవరి పక్కకైనా జరిగి కూర్చోవచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు. ఆసుపత్రిలోనే కాదు. ఆ తర్వాత కూడా.

"ఆపెయ్యనా మేడమ్?"

"ఉండనీ. అయిపోనీ."

అయిపోయింది. ఆ పిల్ల చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"మరి ఇది రాయొచ్చా? మీ పేరు పెట్టి?"

"రాయి."

కాగితం తీసింది. "పేరు పూర్తిగా చెప్తారా మేడమ్? ఇంటిపేరు ముందుంటుందా?"

ఆవిడ చెప్పింది. ఇంటిపేరు మొదలుకుని, ఏ అక్షరానికి ఏ ఒత్తో విడదీసి చెప్పింది. జీతం కాగితాల మీద తప్ప ఆ పేరు అంత పొడుగ్గా ఎవరైనా రాయగా చూసి చాలాకాలమైంది. ఆ పిల్ల పొందిగ్గా రాసుకుంది. పేరు, థీసిస్ శీర్షిక, సంవత్సరం. దాని పక్కన తన వాక్యం రాసి చదివింది. "ఒంటరిగా వచ్చినవారు తక్కువ మాట్లాడతారన్న వీరి పరిశీలన సరికాదు." తలెత్తింది. "సరికాదు అంటే మరీ మొహంమీద కొట్టినట్టుందా? పూర్తిగా సరికాదు అని కొంచెం మెత్తగా..."

"వద్దు. సరికాదు అనే ఉండనీ."

ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోయింది. ఎండ బల్ల మీదినుంచి జారి నేలమీదికొచ్చింది. దిద్దాల్సిన పేపర్లు అలాగే ఉన్నాయి. ఆ పిల్ల లేస్తుందేమోనని ఆవిడకి ఒక్కసారిగా భయమేసింది.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

"ఏంటి మేడమ్?"

"తప్పులు. నా దాంట్లో."

ఆ పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది, కోపమొచ్చిందేమోనని. "రెండు మూడున్నాయి మేడమ్," అంది మెల్లగా.

"చెప్పు," అంటూ ఆవిడ కుర్చీ ఆ పిల్ల పక్కకి లాక్కుంది.